తీర్మానం నాలుగు

ఎనుమాముల మార్కెట్ రోడ్డు,
పత్తి గోదాము మీద రెండు గదులు మా పార్టీ ఆఫీసు.
ఇరవై ఆరేండ్ల సంది మినిట్స్ రాసేది నేనే.
అక్షరం గుండ్రంగ ఉంటదని
గందె అనంతయ్య సేటు నా చేతుల పెట్టిండు
ఎర్ర అట్ట లాంగ్ బుక్కు.

మేమేమన్న మంచోళ్లమా అంటే, కాదు.
పాత పేజీలు తిప్పితే సిగ్గయితది.
హమాలీ రేటు పెంచొద్దని ఒక తీర్మానం,
కౌలుదారుకు కాయితం ఇయ్యొద్దని ఇంకోటి,
ఆడపిల్లలకు సైకిళ్లు దండుగ ఖర్చని కూడా
నా గుండ్రటి అక్షరాలల్లనే ఉన్నది.
ఉన్నది ఉన్నట్టు ఉండాలె, గంతే మా సిద్ధాంతం.
సేటు పొద్దుగాల భద్రకాళికి మొక్కి వచ్చి
మాపటికి కందూరు చందా బుక్కుల పేరు రాసేది.
రెండు దిక్కులా నూట పదహార్లే.

మొదలు ఇద్దరొచ్చిన్రు, సమితి పిల్లలు.
చెప్పులు బయట ఇడిచి దండం పెట్టిన్రు.
కుర్చీలేసిన్రు, చాయ్ గ్లాసులు కడిగిన్రు.
మా కొడుకులు పట్నం హాస్టళ్లల్ల పండుకుంటే
మా జెండాలు వీళ్లు కట్టిన్రు.
బూతుకు పదిమంది కావాలంటే నలభై మంది.
సేటు మురిసిండు:
"చేతులు వాళ్లయి, తలకాయ మనది."
ఆ మాట మినిట్స్‌ల ఎక్కలేదు. ఎక్కియ్యాల్సింది.

రెండో ఏడు ఎజెండాల
తాలు మిర్చి ధర మూడో అంశానికి జారింది.
శోభాయాత్ర మొదటిది, డీజే పర్మిషన్ రెండోది.
నాలుగో ఏడు తాలు మిర్చి లేనే లేదు.
మార్కెట్ల మాత్రం ఉన్నది, కుప్పలు కుప్పలు,
పక్కన తుమ్ముకుంట రైతు.

కార్పొరేషన్ ఎలక్షన్లు. మా డివిజన్ క్యాండిడేటు
ఎలిగేటి యాకయ్య, కొత్తవాడ దర్రీల వ్యాపారి.
మూడు కాన్పులు పోయినంక
వాళ్లమ్మ అన్నారం దర్గాకు మొక్కితే నిలిచినోడు.
ఓరుగల్లుల ఇది వింత కాదు.
బడిల నా బెంచీ మీదనే పొడుగు యాకయ్య, మెల్ల యాకయ్య,
ఇంకో యాకయ్య నాకు బావమరిది అయిండు.

సమితి పిల్లగాడు ఫోన్ల ఫ్లెక్సీ నమూనా చూపెట్టిండు.
"పెదనాయినా, పేరొక్కటి సవరిద్దాం.
యజ్ఞయ్య. పలుకుతందుకు గూడ దగ్గర్నే ఉన్నది."
సేటు వేలికున్న ఉంగరం తిప్పుతున్నడు,
చందా రాసిన వేలే.
యాకయ్య మొఖం ఎవరం చూస్తలేం,
ఫ్యాను చూస్తున్నం.
"మా అమ్మకేం చెప్పాలె?" అన్నడు యాకయ్య.
పిల్లగాడు నవ్విండు, మర్యాదగనే:
"అమ్మకు నేను చెప్త."

బెదిరిస్తే లేచి పోయేటోళ్లమేమో.
బెదిరియ్యలే. వంగి కాళ్లు మొక్కిండు.

తీర్మానం నాలుగు:
అభ్యర్థి పేరును యజ్ఞయ్యగా ప్రచురించుటకు
ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.
"ఏకగ్రీవంగా" కాడ నా పెన్ను ఆగిందని
చెప్పుకుంటే బాగుండు.
ఆగలే.

గెలిచినం.
ఫ్లెక్సీల సేటు ఫోటో తపాలబిళ్లంత అయింది,
దసరా నాటికి అది గూడ లేదు.
గోదాము కిరాయి మాత్రం ఇప్పటికీ ఆయన్నే అడగరు,
ఆయన్దే కాబట్టి.

సంతకాల పేజీల యాకయ్య వంగి
"యా" రాసిండు. ఆగిండు.
దీర్ఘం కొట్టేసి పక్కన జ్ఞ కూరిండు,
ఇరుకు సంచిల ఇంకో బస్తా దూది కుక్కినట్టు.
కొట్టివేత ఉంటే పక్కన
రాసినోని పొడి సంతకం ఉండాలె, రూలు.
పెట్టిన.

అమ్మకు చెప్తనన్న పిల్లగాడు
ఇప్పుడు పెద్ద లీడరు, తీరిక లేదు.
ఆ ముసలామెకు ఇంక ఎవరూ చెప్పలే.
మొన్న ఆ గల్లీల పోతుంటే ఇన్న,
మగ్గాల సప్పుడు మీంచి ఆమె గొంతు:
"యాకా, బువ్వ సల్లారుతంది రా."
కార్పొరేటరు సారు గడప కాడ నిలబడి
ఓ అనేముందు
రోడ్డుకు ఇటొకసారి అటొకసారి చూసిండు.